మూడో కుట్టు

రెండున్నరకి సీసాలో రక్తం అరవై గీత మీద ఉంది. సంయుక్త కాగితం మీద 60 అని రాసి, పక్కన పల్స్ 88, బీపీ 122 అని రాసి, పెన్నుకి మూత పెట్టి మళ్ళీ సీసా వైపే చూసింది. కోసినవాళ్ళే కూర్చోవాలి. ఈ డిపార్ట్‌మెంటులో అది పద్ధతి. ఊపిరితిత్తికి ఆపరేషన్ చేసి, ఛాతీ మూసి, రోగిని ఐసీయూకి తెచ్చాక మొదటి గంటసేపు, కత్తి పట్టిన డాక్టరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సీసా చూడాలి. ఫోను సిస్టర్ దగ్గర పెట్టాలి. టీ తాగకూడదు. పావుగంటకోసారి అంకెలు సొంత చేత్తో రాయాలి. ప్రొఫెసర్ సాంబశివరావు గారు ఈ పద్ధతి పెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఎందుకు పెట్టారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పాత సిస్టర్లు చెప్పారు. ఒకరోజు ఆయన ఒక కేసు ముగించి, కింద క్యాంటీన్లో భోంచేసి పైకి వచ్చేసరికి మంచం మీద దుప్పటి కప్పి ఉందట. మెతుకులు చేతికే ఉన్నాయట. అది నిజమో, చెప్పగా చెప్పగా పెరిగిందో సంయుక్తకి తెలియదు. ఈ మూడేళ్ళలో ఆయన ఒక్క గంట కూడా ఎగ్గొట్టగా ఆమె చూడలేదు. ఆయన స్టూలు మీద కూర్చుంటే పీజీలు వెనక నిలబడేవాళ్ళు. ఇవాళ స్టూలు ఆమెది. చర్మం కోయడం మొదలుకొని చర్మం కుట్టడం దాకా ఆమె చేతుల మీద జరిగిన మొదటి కేసు ఇది. ఊపిరితిత్తికి వెళ్ళే పెద్ద రక్తనాళాలు కట్టేదాకా ప్రొఫెసర్ గారు ఎదురుగా నిలబడ్డారు. ఆ తర్వాత చేతులు కడుక్కుని పక్క థియేటర్లో గుండె కేసుకి వెళ్ళిపోయారు.

సీసా అడుగున నీళ్ళుంటాయి. ఛాతీలోంచి వచ్చే గొట్టం చివర ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. రోగి ఊపిరి పీలిస్తే గొట్టంలో నీళ్ళు పైకి పాకుతాయి, వదిలితే దిగుతాయి. వెంకటప్పయ్యకి రెండు గొట్టాలున్నాయి. ముందుది గాలికి, వెనకది రక్తానికి. రెండింటిలోనూ నీళ్ళు పాకుతున్నాయి, దిగుతున్నాయి. ఆయనది చల్లపల్లి దగ్గర ఊరు, యాభై రెండేళ్ళు, మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. తొమ్మిదేళ్ళ కిందట టీబీ వచ్చింది. మందులకి తగ్గింది గాని కుడి ఊపిరితిత్తి పై భాగంలో నిమ్మకాయంత డొల్ల మిగిలింది. డొల్లలో బూజు పెరిగి ఉండ కట్టింది. నిరుడు నాట్లప్పటి నుంచి దగ్గితే నెత్తురు పడుతోంది. ఆ భాగం తీసెయ్యాలి, వేరే దారి లేదు. మిగిలిన ఊపిరితిత్తితో బతకగలడా అని చూడటానికి యంత్రాలున్నాయి, అయినా ప్రొఫెసర్ గారు మెట్లే నమ్ముతారు. పక్కన డాక్టరు నడవాలి, మూడంతస్తులు ఆగకుండా ఎక్కించాలి. సోమవారం పొద్దున సంయుక్త ఆయన మణికట్టు మీద వేలుతో, రెండో చేతిలో గడియారంతో ఆయన పక్కన ఎక్కింది. మొదటి అంతస్తులో ఆయన పొలంలో ఎడ్ల దమ్ముకీ ట్రాక్టరు దమ్ముకీ తేడా చెప్పాడు. రెండో అంతస్తులో కాలవకి నీళ్ళు వదిలారో లేదో కనుక్కోమన్నాడు. "మాట్లాడకుండా ఎక్కండి బాబాయిగారూ, నా లెక్క తప్పుతోంది," అంది. "మాట్లాడకపోతే నాకు ఊపిరాడదమ్మా," అన్నాడు. మూడో అంతస్తులో ఆగి ఆమె మొహం చూశాడు. "పరీక్ష నాకా, మీకా? ఆయాసం మీకే ఎక్కువుంది." ఆ మెట్లు ఎక్కించినప్పుడు పల్స్ నూట పద్దెనిమిది దాకా పోయి, రెండు నిమిషాల్లో ఎనభై నాలుక్కి దిగింది. ఇప్పుడు మంచం మీద కదలకుండా పడుకుని తొంభై రెండు. నొప్పి ఉంటుంది. మత్తు దిగుతోంది. తొంభై రెండుకి భయపడక్కర్లేదు.

"దాహం," అన్నాడు వెంకటప్పయ్య. కళ్ళు తెరవలేదు. సిస్టర్ శివపార్వతి దూది తడిపి పెదాల మీద అద్దింది. "అందరూ అడిగేదే మేడమ్," అంది. "ముందు దాహం, తర్వాత ఇంటికెప్పుడు అని. మా మైలవరం నుంచి ఒకాయనొచ్చాడు పోయినేడు, కళ్ళు తెరిచీ తెరవకముందే కొబ్బరి బోండాం అడిగాడు." రెండూ నలభై ఐదు. నూట ముప్పై. అంటే ఈ పావుగంటలో డెబ్భై. ఎక్కువే. ఎక్కువ కాకపోవచ్చు. టీబీ ఛాతీ అంటే ఊపిరితిత్తి గోడకి అతుక్కుపోయి ఉంటుంది, గంటన్నరపాటు వేలితో, కత్తెరతో ఒలిచింది, ఒలిచిన చోటల్లా చెమట పట్టినట్టు రక్తం ఊరుతుంది, ఊరి ఆగిపోతుంది. ఒలుస్తున్నప్పుడు తడబడలేదు. ఊపిరితిత్తి చేతికి కొత్త కాదు. రెండో ఏడాదంతా ప్రతి ఆదివారం గుణదలలో అంతోని మటన్ కొట్టుకి వెళ్ళేది. మేక ఊపిరితిత్తులు, గొంతు గొట్టంతో సహా, తెగకుండా కావాలి. అంతోని మొదట్లో నమ్మలేదు. "తలకాయ తీసుకుంటారు, కాళ్ళు తీసుకుంటారు, ఈ బుడగలెవరు తింటారమ్మా?" "తినడానిక్కాదు, కుట్టడానికి." "చచ్చినదాన్ని కుట్టి ఏం చేస్తారమ్మా?" అని కత్తి ఆపి అడిగాడు. బతికున్నదాన్ని కుట్టడం నేర్చుకుంటారని చెప్పలేక నవ్వేసింది. ఒకసారి దాన్ని కంకిపాడులో ఇంటికి పట్టుకెళ్ళింది, హాస్టల్లో ఆ ఆదివారం నీళ్ళు లేవు. అమ్మ గుడ్డు కూడా గడప దాటనివ్వదు. అమ్మ త్రిపురసుందరి టీచరు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. పెరట్లో పాత పేపర్లు పరిచి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మూడడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుంది. సంయుక్త కుట్టడం చూసింది. తర్వాత, "ఊదితే ఉబ్బుతుందా?" అంది. సంయుక్త గొట్టం పెట్టి ఊదింది. ఎర్రగా, ముడుచుకుని ఉన్నది గులాబి రంగుకి తిరిగి పేపరు దాటి విచ్చుకుంది. అమ్మ కొంగు తీసేసింది. "ఇంకోసారి ఊదు," అంది.

మూడింటికి నూట నలభై.

సంయుక్త వంగి, గీతకి కన్ను ఆనించి మళ్ళీ చూసింది. నూట నలభయ్యే. ముందు అరవై, తర్వాత డెబ్భై, ఇప్పుడు పది. "ఆగిపోయింది మేడమ్," అంది శివపార్వతి, ఆమె గొంతులో సంతోషం ఉంది. "మీ చెయ్యి మంచిది." అవును, ఆగిపోయింది. ఊరే రక్తం ఊరి ఆగిపోయింది, పుస్తకంలో ఉన్నట్టే ఆగిపోయింది. వెనక గొట్టంలో నీళ్ళు మాత్రం పాకడం లేదు. ముందు గొట్టంలో పాకుతున్నాయి, దిగుతున్నాయి. వెనక గొట్టంలో ఒకచోట నిలబడ్డాయి. వెంకటప్పయ్య ఊపిరి పీల్చాడు. నిలబడ్డాయి. వదిలాడు. నిలబడ్డాయి. నీళ్ళు నిలబడటానికి రెండు కారణాలుంటాయి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని గొట్టం రంధ్రాలకి ఆనుకుంటే నిలబడతాయి, అది మంచిది. గొట్టం మూసుకుపోతే నిలబడతాయి, అది మంచిది కాదు, లోపల కారేది లోపలే చేరుతుంది, సీసా శుభ్రంగా కనిపిస్తుంది. సీసాకి ఈ రెండింటికీ తేడా తెలియదు. సంయుక్త లేచి గొట్టం మొదలు నుంచి చివరిదాకా చేత్తో తడిమింది. మెలిక లేదు. ఒంటి కింద నలగలేదు. క్లాంపు లేదు. క్లాంపు అనుకోగానే ఆమె చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. రెండో ఏడాదిలో ఒక రోగిని థియేటర్ నుంచి తెస్తూ, సీసా ఎత్తాల్సి వస్తుందని గొట్టాన్ని బిగించి మూసే క్లాంపు పెట్టి, తీయడం మరిచిపోయింది. లిఫ్టులో రోగి మొహం నల్లబడింది. ప్రొఫెసర్ గారు లిఫ్టులోనే ఉన్నారు. వంగి క్లాంపు తీశారు. సీసాలో గాలి బుడబుడమంది, రోగి మొహానికి రంగొచ్చింది. ఆయన తిట్టలేదు. ఆ క్లాంపు ఆమె కోటు జేబుకి తగిలించి, వారం దాకా తీయొద్దన్నారు. వార్డులో, క్యాంటీన్లో, బస్సులో వారం రోజులు అది జేబుకి వేలాడింది. బస్సులో ఒకామె అదేంటని అడిగితే గుర్తు కోసమని చెప్పింది.

క్లాంపు లేదు. గొట్టాన్ని రెండు చేతుల వేళ్ళ మధ్య నొక్కి సీసా వైపు లాగింది, పాలు పితికినట్టు. గట్టిపడ్డ రక్తపు ముక్క ఒకటి, చిటికెన వేలంత, జారి సీసాలో పడింది. వెనకాలే ఎర్రగా కొంచెం వచ్చి ఆగింది. నీళ్ళు మళ్ళీ నిలబడ్డాయి. "ఎక్స్‌రే పిలవండి సిస్టర్. బ్లడ్ గ్యాస్ పరీక్షకి కూడా పంపండి, హిమోగ్లోబిన్ చూడాలి. ఈ గంటలో మూత్రం ఎంతొచ్చింది?" "పది, మేడమ్." పది. మూడూ ఐదు. పల్స్ 106. బీపీ 104. మత్తు డాక్టరు ప్రద్యుమ్న ఫైలు పట్టుకుని వచ్చాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచి. వచ్చీ రాగానే తెర మీది అంకెలు చూశాడు. "వెన్నులో మందు నడుస్తోంది సంయుక్తా, బీపీ దిగుతుంది. రెండు మిల్లీలు తగ్గిస్తా." "పల్స్?" "నొప్పి." "మందు బీపీ దించేంత పనిచేస్తే నొప్పెక్కడిది?" ప్రద్యుమ్న తల గోక్కున్నాడు. "భుజం నొప్పి. వెన్ను మందు భుజానికి అందదు." "మూత్రం?" "థియేటర్లో నేనే నీళ్ళు తక్కువ ఎక్కించా. ఊపిరితిత్తి కేసులో తక్కువే ఎక్కించాలని మీ సారే అంటారుగా." అన్నీ నిజాలే. వెన్ను మందుకి బీపీ దిగుతుంది. భుజం నొప్పికి పల్స్ పెరుగుతుంది. నీళ్ళు తక్కువైతే మూత్రం తగ్గుతుంది. మత్తు దిగితే దాహం వేస్తుంది. ఊపిరితిత్తి విచ్చుకుంటే గొట్టం ఆగుతుంది. ఎక్స్‌రే వచ్చింది, తెర మీద కుడి అడుగున తెల్లగా ఉంది. "అది పాతదే, టీబీ మందం, ఆపరేషన్‌కి ముందు ఫిల్ములో కూడా ఉంది," అన్నాడు ప్రద్యుమ్న. ఉంది. ఇంత లేదు. ఇంత ఉందేమో, అప్పుడు నిలబెట్టి తీశారు, ఇప్పుడు పడుకోబెట్టి తీశారు, పోల్చడానికి లేదు. ఆరు గుర్తులు, ఆరు కారణాలు. కేస్ మీటింగులో ఒక పీజీ ఇలాగే వరసగా కారణాలు చెబుతుంటే సాంబశివరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్కో అంకెకి ఒక్కో కారణం చెబుతున్నావు. అన్నిటికీ కలిపి ఒకటే కారణం ఉంటే అదేంటో చెప్పు. దాన్ని కాదనడానికి నీ దగ్గర ఏముందో చెప్పు," అన్నారు. ఆ పీజీ ఆమె కాదు. ఆ రోజు వెనక వరసలో కూర్చుని, ఇంత తేలిక సంగతి అతనికెందుకు తట్టలేదా అనుకుంది.

అన్నిటికీ కలిపి ఒకటే కారణం. అక్కడిదాకా వచ్చి ఆమె ఆలోచన పక్కకి తిరిగింది, కిటికీ అవతల బందరు రోడ్డు మీదికి పోయింది, సెప్టెంబరులో ఫైనల్ పరీక్ష మీదికి పోయింది, లాగ్ బుక్కులో మొదటి సొంత కేసుకి ఎదురుగా మళ్ళీ తెరిచారు అనే మాట రాయాల్సి వస్తే బయటి నుంచొచ్చే ఎగ్జామినర్ ఆ వరస మీద వేలు పెట్టి ఏమడుగుతాడన్న దాని మీదికి పోయింది. ఆమె దాన్ని వెనక్కి తెచ్చింది. ఒలిచిన చోట ఊరే రక్తం ముక్కలు కట్టేంత వేగంగా రాదు. పెద్ద నాళాల కట్లు జారితే ఇంతసేపు ఆగదు, మూడు నిమిషాల్లో అయిపోయేది. మధ్యలోది ఏదో. చిన్న ధమని. పక్కటెముకకి కింది అంచులో ఒక గాడి ఉంటుంది, గాడిలో ధమని ఒకటి ఉంటుంది, పెన్ను రీఫిల్లు కంటే సన్నం. అమ్మ బోర్డు మీద లెక్క చేస్తూ జవాబు తేడా వస్తే జవాబు చెరిపేది కాదు. డస్టరు పట్టుకుని కింది నుంచి ఒక్కో వరసా చదువుకుంటూ పైకి వెళ్ళేది, తప్పు ఏ వరసలో ఉందో అక్కడ ఆగేది, దాని కిందవన్నీ తుడిచేసేది. పిల్లలు అరిచేవాళ్ళు, రాసుకున్నాం టీచర్ అని. కొట్టేసి రాసుకోండి అనేది. సంయుక్త కింది నుంచి చదివింది. ఒంటీ నలభైకి చర్మం కుట్టింది. అంతకుముందు కండరాలు. అంతకుముందు పక్కటెముకలు దగ్గరికి లాగి కట్టిన కుట్లు, నాలుగు. అక్కడ ఆగింది.

ప్రొఫెసర్ గారి పద్ధతిలో కింది ఎముకకి సన్నటి డ్రిల్లుతో రంధ్రం చేసి, దారం ఆ రంధ్రంలోంచి తియ్యాలి. అలా అయితే సూది గాడి దగ్గరికే పోదు. డ్రిల్లు స్టెరిలైజర్‌లో ఉంది, వేడి దిగి బయటికి రావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలు పడుతుందని థియేటర్ సిస్టర్ చెప్పింది. చాలా చోట్ల డ్రిల్లు లేకుండానే ఎముక చుట్టూ దారం వేస్తారు, పుస్తకాల్లోనూ ఉంది, తప్పు కాదు. అయినా ఆమె ఆగి ఉండేది. మూడేళ్ళుగా ఆగింది. ఒంటిగంటకి తలుపు కొంచెం తెరుచుకుంది. సాంబశివరావు గారు గుండె కేసు మధ్యలో, ఛాతీకి చేతులు కట్టుకుని తల లోపలికి పెట్టి, తీసిన ముక్క ఉన్న గిన్నె వైపు చూసి, విచ్చుకుంటున్న మిగతా ఊపిరితిత్తిని చూసి, "బాగా చేశావు," అన్నారు. తలుపు మూసుకుంది. మూడేళ్ళలో ఆ మాట ఆయన నోట ఎవరి గురించీ వినలేదు. ఆ మాట పడ్డాక థియేటర్లో ఉండబుద్ధి కాలేదు. ఇంకేదైనా జరిగేలోపు, ఆ మాట చెడిపోయేలోపు మూసెయ్యాలనిపించింది. పద్దెనిమిది నిమిషాలు ఎందుకు అనుకుంది. చుట్టూ వేసింది. ఒకటి, రెండు. మూడో కుట్టుకి సూది ఎముక కింద తిరుగుతున్నప్పుడు కొంచెం పట్టింది. ఏదో తట్టినట్టు. చేతికి తెలిసింది. వెనక్కి తీసి చూడాల్సింది. తియ్యలేదు. బిగించి కడితే ఆగిపోతుందని కూడా అనుకోలేదు, అసలు ఏమీ అనుకోలేదు, చెయ్యి ముందుకి పోయింది, నాలుగోది వేసింది. ఈ నలభై ఐదు నిమిషాలూ స్టూలు మీద కూర్చుని మెట్లు గుర్తు చేసుకుంది, మేకని గుర్తు చేసుకుంది, మూడో కుట్టుని గుర్తు చేసుకోలేదు.

"దాహం," అన్నాడు వెంకటప్పయ్య. ఈసారి కళ్ళు తెరిచాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "కొంచెం నీళ్ళు పొయ్యమ్మా. కాలవెండిపోయినట్టుంది లోపల." శివపార్వతి గ్యాస్ కాగితం తెచ్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ తొమ్మిది. థియేటర్లో పదకొండు పాయింట్ రెండు. ప్రద్యుమ్న కాగితం చూసి, స్టాండు దగ్గరికెళ్ళి సెలైను వేగం పెంచాడు. మూడూ పదిహేను. సీసా నూట నలభై ఐదు. పల్స్ 114. బీపీ 98. సంయుక్త నాలుగూ రాసింది. పెన్ను మూత పెట్టి లేచింది.

"బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి మూడు యూనిట్లు పైకి పంపమనండి సిస్టర్. రెండో థియేటర్ కడిగారా?" "కడుగుతున్నారు." "కడిగింది చాలనండి. నా ఫోనివ్వండి."

గుండె థియేటర్లో ఫోన్ ఎవరో ఎత్తి ప్రొఫెసర్ గారి చెవి దగ్గర పెట్టారు. యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "చెప్పు," అన్నారు. అంకెలు చెప్పింది, వరసగా, పొద్దుటి రౌండ్స్‌లో చెప్పినట్టు.  "నేనింకా వాల్వు కూర్చోబెట్టలేదు. గంట. గంటాపావు కావచ్చు," అన్నారు. "ఆ ఛాతీ గంటాగుతుందా?"

"ఆగదు సార్."

"అయితే నన్నెందుకు అడుగుతున్నావు?"

"అడగట్లేదు సార్. చెబుతున్నాను. రెండో థియేటర్లో తెరుస్తున్నాను."

యంత్రం చప్పుడు. ఎవరో సక్షన్ అన్నారు. "ఎక్కడుంటుందనుకుంటున్నావు?"

"మూడో కుట్టు. కింది ఎముక దగ్గర."

"డ్రిల్లు వాడలేదా?"

"లేదు సార్. పద్దెనిమిది నిమిషాలు ఆగాలన్నారు. ఆగలేదు. సూది పట్టింది, తెలిసింది, తీసి చూడలేదు."

ఇంతసేపూ నోట్లో ఉన్నది బయటికొచ్చింది. ఆయన ఒకసారి ఊపిరి వదలడం వినిపించింది. "ఆ సంగతి తర్వాత. ఊరికే ఎముకలు విప్పకు, ముందు వెలుతురు చూసుకో, సక్షన్లు రెండు పెట్టించుకో. పో," అన్నారు. ఫోన్ తీసేశారు. తర్వాత అంటే ఏముంటుందో ఆమెకి తెలుసు. క్లాంపు వారం రోజులు వేలాడింది. కుట్టు ఎన్నాళ్ళు వేలాడుతుందో. వేలాడనీ.

బుల్లెమ్మ ఐసీయూ బయట ఇనుప కుర్చీలో ఉంది. వెంకటప్పయ్య భార్య. ఒళ్ళో సంచి, సంచిలో ఆయన చొక్కా, చెప్పులు. లేచి నిలబడింది. "అయిపోయిందామ్మా? లోపలికి రావచ్చా?" సంయుక్త చేతిలో సంతకం కాగితం ఉంది. ఇలాంటప్పుడు చెప్పే మాట ఒకటుంది, ఆమె కూడా వేరేవాళ్ళ కేసుల్లో చాలాసార్లు చెప్పింది: ఒక్కోసారి ఇలా అవుతుందండి. అది అబద్ధం కాదు. వందలో ఇద్దరికి ముగ్గురికి అవుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కారిడార్ చివర లిఫ్టు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. గుండె యంత్రం పక్కన నిలబడిన మనిషికి ఫోన్లో చెప్పిన మాట, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి చెప్పకపోతే అది ఎటువంటి చెప్పడం.

"లోపల రక్తం కారుతోందండి. మళ్ళీ తెరవాలి, ఇప్పుడే."

"అదేంటమ్మా? బాగా జరిగిందన్నారుగా? పెద్ద డాక్టరుగారు కూడా చూసి బాగుందన్నారని సిస్టర్ చెప్పిందిగా?"

"ఆయన చూసినప్పటికి బాగానే ఉందండి. తర్వాత మూసింది నేను. మూసేటప్పుడు నేను వేసిన కుట్టు ఒకటి రక్తనాళానికి తగిలిందని నా అనుమానం."

బుల్లెమ్మ సంచి కుర్చీలో పెట్టింది. "పెద్ద డాక్టరుగారేరి?"

"గుండె ఆపరేషన్లో ఉన్నారు. గంటపైన పడుతుంది. అప్పటిదాకా ఆగితే ప్రాణానికి ప్రమాదం."

"అయితే ఇప్పుడెవరు చేస్తారు?"

"నేనేనండి."

బుల్లెమ్మ ఆమె మొహం చూసింది, చేతులు చూసింది. "మీరే పొడిచి, మీరే బాగుచేస్తారు."

"అవునండి."

"ఎక్కడ పొడిచారో తెలుసా?"

"తెలుసు."

తలుపు అద్దంలోంచి లోపల మంచం కదులుతున్నది కనిపించింది. ప్రద్యుమ్న తల వైపు, శివపార్వతి కాళ్ళ వైపు. ఈసారి సీసాలు నేల మీద కాదు, మంచం కింద కొక్కాలకి వేలాడుతున్నాయి, గొట్టాలకి క్లాంపులు లేవు. బుల్లెమ్మ కూడా అటు చూసింది. "మాట్లాడుతున్నాడా?" అంది. "దాహమంటున్నారు." "కాలవ గురించి అడిగాడా?" "కాలవెండిపోయిందన్నారు." బుల్లెమ్మ ముక్కు తుడుచుకుని చెయ్యి చాపింది. "పెన్నియ్యండి. ఎక్కడ పెట్టాలి?" సంతకం పెట్టింది, అక్షరాలు కూడబలుక్కుంటూ, ఇంటి పేరుతో సహా. కాగితం ఇస్తూ వదల్లేదు. "ఆయన్ని బయటికి తీసుకురండి. ఆ తర్వాత మీతో నాకు మాట్లాడేది ఉంది."

"మాట్లాడండి," అంది సంయుక్త. "నేనెక్కడికీ పోను."

మూడూ ముప్పై ఎనిమిదికి ఆమె చేతులు కడుక్కుంటోంది. నీళ్ళు మోచేతి మీదుగా జారుతున్నాయి.   వేలు ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. పొద్దున తొమ్మిదింటికి ఇదే కుళాయి కింద నిలబడి ఈ కేసు తన మొదటిదవుతుందని అనుకుంది. కేసు ఇంకా అవలేదు, అంతే. గౌను, గ్లౌజులు. వెంకటప్పయ్య మళ్ళీ ఎడమ పక్కకి తిరిగి, మత్తులో, నోట్లో గొట్టంతో ఉన్నాడు. రక్తం ఒక సంచి ఎక్కుతోంది. బీపీ 86. చర్మం కుట్లు ఒక్క గీతలో విడిపోయాయి. కండరాలు. ఎముకలు కనిపించాయి, వాటిని కట్టిన నాలుగు దారాలు. "లైటు కొంచెం ఇటు. రెండు సక్షన్లూ పెట్టండి." మొదటిది కత్తిరించింది. రెండోది కత్తిరించింది. సందులోంచి నల్లటి గడ్డ ఉబికి వచ్చింది, వెనకాలే రక్తం, థియేటర్ సిస్టర్ సక్షన్ గొట్టం ఆనించగానే గలగలమని సీసాలోకి పోయింది. ఐదొందలు. ఏడొందలు. "బీపీ డెబ్భై నాలుగు," అన్నాడు ప్రద్యుమ్న. నాలుగోది కత్తిరించింది. ఎముకలు వేలు దూరేంత తెరుచుకున్నాయి. మూడోది కత్తిరించడానికి కత్తెర తీసుకెళ్ళి ఆపింది. ఆ దారం బిగువే ఇప్పటిదాకా సగం ఆపుతూ ఉంటే, తెంచగానే మిగతా సగం వస్తుంది. కత్తెర పక్కన పెట్టింది. కుడి చూపుడు వేలు సందులోంచి లోపలికి పోనిచ్చి, కింది ఎముక అంచు వెంబడి, కంటికి కనిపించని వైపు, మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున జరిపింది. ఎముక. ఎముక. దారం. దారం పక్కన వెచ్చగా, సన్నగా, వేలి కొసకి ఏదో తగిలి పోయింది, మళ్ళీ తగిలింది, తెర మీద పల్స్ మోగిన ప్రతిసారీ తగిలింది. దాన్ని ఎముక మీదికి నొక్కింది. తగలడం ఆగింది. ఎడమ చేత్తో కత్తెర తీసుకుని మూడో కుట్టు తెంచింది. సందు తెరుచుకుంది. సక్షన్ సీసాలో గలగల తగ్గి, గాలి చప్పుడు వచ్చింది.

"ఇక్కడే," అంది.

ప్రద్యుమ్న అడ్డుకట్టిన గుడ్డ పై నుంచి తొంగి చూశాడు. "డెబ్భై ఎనిమిది. పెరుగుతోంది. వేలు తీస్తే?"

"కట్టేదాకా తీయను," అని, సూది కోసం ఎడమ చెయ్యి చాపింది.